సున్నా నొక్కని మడతల పిన్ని

మనిషి గుణం ముఖంలో కాదు, అతను ఖాళీ చేసి వెళ్ళిన గదిలో కనిపిస్తుందని మడతల పిన్ని అనేది. ఆ మాట అనే హక్కు ఆవిడకు ఉంది. వయసంతా ఒకే హోటల్లో, ఒకే అంతస్తులో, జనం చిందరవందర చేసి పోయిన గదులు సర్దుతూనే గడిచిపోయింది. తడి తువ్వాలు పరుపు మీద విసిరేసి పోయినవాడు ఇంట్లో పెళ్ళాన్ని ఎలా చూస్తాడో, టీ కప్పు కడిగి బోర్లించి వెళ్ళిన ముసలాయన ఎలాంటి తల్లి చేతిలో పెరిగాడో ఆవిడ వాళ్ళ మొహం చూడకుండానే చెప్పేసేది. అందులో సగం తప్పే అయి ఉండొచ్చు. కాదని చెప్పడానికి ఆ మనుషులు మళ్ళీ రారు కాబట్టి పిన్ని మాటే చెల్లుబాటయ్యేది.

మడతల పిన్ని అన్న పేరు దుప్పటి వల్ల వచ్చింది. మంచం మూల ఆవిడ వేసిన మడత, పడుకున్నవాడు రాత్రంతా పొర్లినా ఊడేది కాదు. కొత్తగా చేరిన పిల్లలందరికీ ఆ మడత నేర్పింది ఆవిడే. నేర్పేటప్పుడు చేతి మీద ఒక్కటి వేసేది కూడా. అయినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. పిన్ని నోరు చెడ్డదే కానీ చేయి మంచిదని అందరికీ తెలుసు.

ఆ అంతస్తులో ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. గదిలోకి వెళ్ళగానే టిప్పు కోసం వెతకకూడదు. స్నానాలగది కడిగి, దుప్పటి మార్చి, నేల తుడిచి, అన్నీ అయ్యాక, ఆఖరున మాత్రమే దిండు కిందో అద్దం ముందో చూసుకోవాలి. "ముందే చూశావంటే నీ చేయి దాన్ని బట్టే నడుస్తుంది. ఇచ్చినవాడి గది మెరుస్తుంది, ఇవ్వనివాడి గది ఏడుస్తుంది. మనం ముష్టివాళ్ళం కాదు" అనేది. అలాగని ఇవ్వనివాళ్ళను ఊరికే వదిలిందీ లేదు. గది తాళం వేసి ట్రాలీ తోసుకుంటూ, "ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు దిగాడమ్మా ఈ గదిలో" అని నడవా అంతా వినబడేలా అనేది. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ళ చిట్టా ఆవిడ నోట్లోనే ఉండేది. టిప్పు ఎగ్గొట్టడం అంటే ఆ అంతస్తులో దొంగతనం తర్వాత దొంగతనం.

ఇంటి దగ్గర పిన్ని భర్త దర్జీ. కొత్తబట్టలు కుట్టించుకునే రోజులు పోయాయి కనుక పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుసుకుపోయినవి వదులు చేయడం ఆయన పని. ఇంటి ముందుగదిలోనే మిషను. ఆయన నవ్వకుండా నవ్వించే రకం. "జనం లావెక్కినన్నాళ్ళు మనకు లోటు లేదోయ్" అనేవాడు. ఇద్దరికీ కలిపి ఒక పట్టుదల ఉంది: అప్పు చేయకూడదు. పిన్ని తండ్రి అప్పులవాళ్ళు తలుపు కొడితే పెరటి గోడ దూకి పారిపోయేవాడు. ఒకసారి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలి కుంటి నడక చూస్తూ పెరిగిన పిల్ల, చచ్చినా అప్పు గుమ్మం తొక్కనని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకుంది.

అవసరాలకు మాత్రం ఒట్లు తెలియవు కదా. నెల మధ్యలో డబ్బు కావాల్సి వస్తే పిన్నితో సహా పనివాళ్ళందరూ హోటల్లో జీతాల గుమస్తాను చేబదులు అడిగేవారు. అతను మొహం చిట్లించేవాడు, రెండు మాటలనేవాడు, చివరికి ఇచ్చేవాడు. నెలాఖరుకు ఎంత ఇచ్చాడో అంతే కోసుకునేవాడు. తిట్లకు వడ్డీ లేదు కనుక అందరూ పడేవారు.

ఒకరోజు పనివాళ్ళను కింద భోజనాల గదికి పిలిచారు. అక్కడ గుమస్తా పక్కన నారింజరంగు చొక్కా వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో ఫోను, మొహం నిండా నవ్వు. ఇకమీదట చేబదుళ్ళు ఉండవని గుమస్తా చెప్పాడు. దాని బదులు ఫోన్లో ఒక యాప్ ఉంటుందనీ, అప్పటిదాకా పనిచేసిన రోజుల జీతం అందులో ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చనీ, జీతం రోజున కంపెనీ ఆ మొత్తాన్ని జీతంలోంచి పట్టుకుంటుందనీ ఆ అమ్మాయి వివరించింది. తర్వాత పనివాళ్ళందరూ దాన్ని ముందుజీతం అనే పిలిచారు.

"ఇది అప్పా?" అని పిన్ని అందరికంటే ముందు అడిగింది.

"అయ్యో, అప్పు కానే కాదు ఆంటీ! మీరు చేసిన పనికి మీ డబ్బు. మీ డబ్బు మీరు తీసుకుంటే అప్పెలా అవుతుంది?"

"వడ్డీ ఎంత?"

"అప్పే కాకపోతే వడ్డీ ఎక్కడిది ఆంటీ?"

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. తేనె పూసిన కత్తిని నాలుక పెట్టి చూసినవాళ్ళకు మొదట తగిలేది తేనే. పైగా ఆ పిల్ల చెప్పిన దాంట్లో న్యాయం ఉందనిపించింది. నిజమే, ఒళ్ళు వంచి చేసిన పనికి నెలాఖరుదాకా ఎదురుచూడటం దేనికి? గుమస్తా చిట్లించే మొహం చూడక్కర్లేదు, ఎవరి చేతా మాట పడక్కర్లేదు. అప్పు కాదన్న మాట ఒక్కటి చాలు పిన్నికి. ఆవిడ ఒట్టు ఒట్టులాగే ఉంది.

ఆ నెలలోనే దర్జీ మిషను మోటారు కాలిపోయింది. మిషను ఆగితే ముందుగది ఆగినట్టే. పిన్ని దుప్పట్ల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఫోను తెరిచి, ఎంత కావాలో నొక్కింది. మూడు రోజులాగితే ఊరికే వస్తుంది, ఇప్పుడే కావాలంటే తొందర రుసుము కట్టాలి, ఏది కావాలని యాప్ అడిగింది. పిన్ని ఇప్పుడే కావాలని నొక్కింది. అప్పుడు తెర మీద ఒక నవ్వుమొహం బొమ్మ వచ్చింది. దాని కింద, "మా సేవ నచ్చిందా? మాకు టిప్పు ఇస్తారా?" అని ఉంది. వందకు రెండు, వందకు నాలుగు, వందకు ఆరు అని రంగురంగుల పెద్ద బిళ్ళలు. వాటి అడుగున, బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాలతో ఒక వరుస: "ఈసారికి సున్నా".

తెల్ల దుప్పటి మీద వెంట్రుకను గుమ్మం దగ్గరి నుంచే పట్టే కళ్ళకు ఆ వరుస కనబడకపోవడం ఏమిటి! కనబడింది. వేలు దాని మీదికి వెళ్ళింది కూడా. అక్కడ ఆగిపోయింది. దిండు కింద ఏమీ పెట్టకుండా పోయిన ప్రతి వెధవా ఆ క్షణంలో పిన్నికి గుర్తొచ్చాడు. వాళ్ళ సరసన తను నిలబడటమా? ఆ నవ్వుమొహం వెనక కూడా ఎవరో తనలాంటి పిల్ల కూర్చుని పనిచేస్తుందనీ, ఆ టిప్పు ఆ పిల్ల చేతికే వెళ్తుందనీ అనుకుంది. వందకు నాలుగు నొక్కింది. నొక్కాక కాస్త గర్వంగా కూడా అనిపించింది. జన్మలో మొదటిసారి తను టిప్పు ఇచ్చిన మనిషైంది.

హోటల్లో గదులు సర్దేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని తప్పు ఇది. లారీ డ్రైవరైతే సున్నా నొక్కి బీడీ ముట్టించుకునేవాడు. టిప్పు మీద బతికేవాళ్ళకే టిప్పు ఎగ్గొట్టడం చేతకాదు. ఆ నవ్వుమొహం గీయించినవాడికి ఈ సంగతి తెలుసో తెలియదో నేను చెప్పలేను కానీ, తెలియకుండా గీయించాడంటే మాత్రం నమ్మను.

తర్వాత అంతస్తులో పిల్లలందరికీ పిన్నే నేర్పింది. మడత నేర్పినట్టే నేర్పింది. దుప్పట్ల గదిలో ఒక్కొక్కరి ఫోను తీసుకుని, "ఇక్కడ నొక్కు, ఇదిగో ఇక్కడ. నాలుగు పెట్టు. ఆ అడుగున ఏదో ఉంటుంది, దాని జోలికి పోవద్దు" అంది. అదేమిటని ఎవరూ అడగలేదు. పిన్ని వద్దన్న చోట వేలు పెట్టే ధైర్యం ఎవరికుంది? అందరికంటే త్వరగా నేర్చుకున్నది పొడుగమ్మాయి. కొత్తగా చేరింది, భర్త వదిలేసి పోయాడు, చంటిపిల్లను పగలంతా చూసుకునేవాళ్ళకు అప్పజెప్పి పనికొస్తుంది. పిన్నికి ఆ పిల్లంటే ఎక్కువ ప్రేమ. అందుకే ఎక్కువ తిట్టేది.

మోటారు బాగైంది. కానీ ఆ నెల జీతం తగ్గి వచ్చింది. తగ్గిన జీతం నెలాఖరుదాకా సాగలేదు. సాగనప్పుడు మళ్ళీ నొక్కాలి. మళ్ళీ నొక్కితే వచ్చే నెల మళ్ళీ తగ్గుతుంది. దుప్పటి పొట్టిదైతే తల కప్పుకుంటే కాళ్ళు బయటపడ్డట్టు, ఈ నెల పూడ్చడానికి వచ్చే నెలను లాగడమే పనైపోయింది. అంతకుముందు జీతం రోజంటే దుప్పట్ల గదిలో టీలు, జోకులు, గుమస్తా నడకను అనుకరించడాలు. ఇప్పుడు జీతం రోజున అందరూ ఒకసారి ఫోను తీసి చూసి, జేబులో పెట్టేసుకుని ట్రాలీ దగ్గరికి పోయేవారు.

ఒక జీతం రోజున పొడుగమ్మాయి పిన్ని దగ్గరికొచ్చి ఫోను మొహం మీద పెట్టింది.

"పిన్నీ, ఇది చూడు. పాపను చూసేవాళ్ళకు ఇవ్వడానికే చాలదు. మిగతా నెలంతా ఏం తినమంటావు?"

"ఎందుకే అన్నిసార్లు తీశావు?"

"ఎందుకు తీస్తా? ముందోసారి తీశాను కాబట్టి తీశా."

పిన్ని ఆ ఫోన్లో అంకెలన్నీ ఒక చీటీ మీద రాసుకుంది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తన ఫోన్లోని లెక్కా, ఆ పిల్ల లెక్కా భర్తకు చెప్పింది. ఆయన మెడలో టేపు తీసి పక్కన పెట్టి, ఎవరిదో ముతక ప్యాంటు గుడ్డ మీద సుద్దముక్కతో లెక్క వేశాడు. వందకు నాలుగు టిప్పు, మూడు తొందర రుసుము. తీసిన పది రోజులకే జీతం రోజున తిరిగి పట్టుకుంటారు. పది రోజులకు ఏడంటే నెలకు ఇరవై ఒకటి. ఏడాదికి లెక్కేస్తే వడ్డీయే ఆ వందకు రెండింతలు దాటిపోయింది. దర్జీ సుద్దముక్క కింద పెట్టేశాడు.

"మీ నాన్న దగ్గర వసూలుకొచ్చినవాళ్ళు పుణ్యాత్ములోయ్" అన్నాడు. "వాళ్ళు కనీసం అప్పిచ్చామని ఒప్పుకున్నారు."

"అప్పు కాదన్నారు కదండీ!"

"కాదనే కదా నువ్వు తీసుకున్నావు. అవునంటే తీసుకునేదానివా?"

పిన్ని ఆ రాత్రి అన్నం తినలేదు. తన డబ్బు పోయినందుకు కాదు. తన వేలు పట్టుకుని నడిచిన పిల్లల డబ్బు పోయినందుకు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందు వేసింది కంపెనీ అయినా, నోరు తెరవమని చెప్పింది తనే.

దర్జీ దగ్గరికి కోట్లు సరిచేయించుకోవడానికి ఒకావిడ వచ్చేది. వినియోగదారుల సంఘంలో పనిచేస్తుంది. సుద్ద లెక్క ఉన్న గుడ్డ చూసి ఆవిడే అడిగింది, ఇదేమిటని. దర్జీ చెప్పాడు. ఆవిడ అక్కడే మిషను పక్కన స్టూలు మీద కూర్చుండిపోయింది. ఇలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయనీ, డబ్బు వ్యవహారాలు చూసే ప్రభుత్వ బోర్డు వీటికి నిబంధనలు రాయబోతోందనీ, అంతకుముందు అందరి మాటా వింటారనీ చెప్పింది. పిన్ని ఆవిడను సంఘం మేడమ్ అనేది.

"అసలు గొడవంతా ఒక్కదాని దగ్గరే ఉంది" అంది సంఘం మేడమ్. "మీరు కట్టిన టిప్పును రుసుము కింద లెక్కపెట్టాలని మేం అంటున్నాం. కాదు, అది ఇష్టపడి ఇచ్చిందని వాళ్ళంటున్నారు. రుసుమని బోర్డు ఒప్పుకుంటే ఇది అప్పే. అప్పైతే వడ్డీకి హద్దుంటుంది, హద్దు దాటి తీసుకున్నదంతా మీకు వెనక్కివ్వాలి. ఒప్పుకోకపోతే ఒక్క పైసా రాదు."

"అందరికీ వెనక్కిస్తారా?"

"అందరికీ."

పిన్ని మర్నాడు దుప్పట్ల గదిలో అందరినీ నిలబెట్టి ఈ సంగతి చెప్పింది. ఎవరైనా బోర్డు ముందుకొచ్చి మాట్లాడాలంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది, మేనేజరు కంట్లో పడితే ఉద్యోగమే పోవచ్చు. "మీరెవరూ రానక్కర్లేదు. దింపినదాన్ని నేను, తీసేదీ నేనే. మీ డబ్బు మీకు తెచ్చిస్తా" అంది. పొడుగమ్మాయి నేనూ వస్తానంటే, "నువ్వెళ్ళి పాపను చూసుకోవే" అని కసిరింది. ఆ కసురే కొంప ముంచిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

బోర్డు వాళ్ళ హాల్లో కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగారు. ఒక్కటీ సరిగ్గా లేదు. ఒకదాని అంచు నేలను ఊడుస్తోంది, ఒకటి మెలికపడి ఉంది. పిన్ని వేళ్ళు దురదపెట్టాయి. లేచి సర్దితే బాగుండదని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు బల్ల దగ్గర బోర్డు పెద్దాయన, ఇంకో ఇద్దరు, వాళ్ళ పక్కన ప్రతి మాటా రాసుకునే మనిషి. ఒక పక్క సంఘం మేడమ్, ఇంకో పక్క కంపెనీ లాయరు.

సంఘం మేడమ్ అడిగినవాటికి పిన్ని బాగానే చెప్పింది. గుమస్తా చేబదుళ్ళు ఎలా ఆగిపోయాయో, నారింజ చొక్కా అమ్మాయి ఏమందో, జీతాలు ఎలా కరిగిపోయాయో చెప్పింది. పొడుగమ్మాయి సంగతి, పాప సంగతి కూడా చెప్పింది. బోర్డు పెద్దాయన తల ఊపుతూ విన్నాడు. పని అయిపోయినట్టే అనిపించింది పిన్నికి.

అప్పుడు లాయరు లేచాడు. అరుస్తాడని, బల్ల గుద్దుతాడని పిన్ని ముందే గుండె చిక్కబట్టుకుని ఉంది. అతను మాత్రం మేనల్లుడిలా నవ్వాడు.

"అమ్మా, ఎన్నాళ్ళుగా చేస్తున్నారు ఈ పని?"

"మా హోటల్‌కి లిఫ్టు రాకముందు నుంచి బాబూ."

హాల్లో నవ్వులు. లాయరూ నవ్వాడు. "అయితే టిప్పుల గురించి మీకు తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు. మీరు గదిలో దిగినవాళ్ళను టిప్పు ఇమ్మని అడుగుతారా?"

పిన్నికి చురుక్కుమంది. "చచ్చినా అడగం. మేమేం ముష్టివాళ్ళమా?"

"ఇవ్వనివాళ్ళ గది సరిగ్గా తుడవరేమో?"

"ఎవరన్నారు ఆ మాట? మా అంతస్తుకొచ్చి చూడమనండి! ఇచ్చినా ఇవ్వకపోయినా అందరిదీ ఒక్కలాగే తుడుస్తాం. పని అంతా అయ్యాక గానీ టిప్పు ఉందో లేదో కూడా చూసుకోం."

"చాలా గొప్ప పద్ధతమ్మా. అయితే టిప్పు గది అద్దెలో భాగం కాదన్నమాట?"

"అద్దె వేరు, టిప్పు వేరు. అద్దె కట్టి తీరాలి. టిప్పంటారా, అది ఇచ్చేవాళ్ళ సంతోషం."

లాయరు రాసుకునే మనిషి వైపు తిరిగి ఆ మాటను మెల్లగా, ఒక్కొక్క ముక్కా అందేలా మళ్ళీ చెప్పాడు. అది ఇచ్చేవాళ్ళ సంతోషం. సంఘం మేడమ్ కళ్ళు మూసుకుంది. అప్పుడు తెలిసింది పిన్నికి, తను ఎక్కడ నిలబడి ఉందో. కానీ కాలు అప్పటికే పడింది.

"మా యాప్‌లో సున్నా పెట్టే వీలుందని మీకు తెలుసా అమ్మా?"

తెలియదు అనాలి. ఒక్క మాట. అంత చిన్న అక్షరాలు, వయసు మీదపడ్డ కళ్ళు, ఎవరు కాదంటారు? ఆ పూట ఆ హాల్లో అబద్ధమాడటానికి జీతం తీసుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఊరికే ఒక్క అబద్ధమాడితే పుణ్యం దక్కే మనిషి పిన్ని ఒక్కతే. ఆవిడకు చేతకాలేదు.

"తెలుసు" అంది.

"మరి ఎందుకు నొక్కలేదు?"

"సిగ్గేసింది. ఎగ్గొట్టినవాళ్ళను మేం తిట్టుకుంటాం. మళ్ళీ మేమే ఎగ్గొడితే ఏం మర్యాద?"

"ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదు."

"మీతో పనిచేసేవాళ్ళకు ఎవరు నేర్పారు?"

"నేనే. అడుగున ఉన్నదాని జోలికి పోవద్దని నేనే చెప్పా."

"మా కంపెనీ చెప్పలేదు?"

"లేదు బాబూ."

లాయరు ఆవిడకు కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు. నిజంగానే చెప్పి ఉంటాడు. అంత మేలు ఎవరు చేస్తారు!

తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక చెప్పాల్సిన మాట దొరికింది. మా టిప్పు పనంతా అయ్యాక, మనిషి వెళ్ళిపోయాక వస్తుంది. వీళ్ళు డబ్బు చేతిలో పెట్టకముందే, అవసరం గొంతు మీద కూర్చుని ఉన్నప్పుడు, అడుగుతారు. మా వాళ్ళు ఎదుట నిలబడి చేయి చాపరు, వీళ్ళ బొమ్మ కళ్ళలోకి చూసి నవ్వుతూ చాపుతుంది. ఇది అదెలా అవుతుంది? ఇంత చిన్న సంగతి ఆ హాల్లో ఎందుకు నోటికి రాలేదు? పిన్ని బస్సులోనే సంఘం మేడమ్‌కు ఫోను చేసి అరిచినట్టే చెప్పింది. పక్కవాళ్ళు తిరిగి చూశారు. మేడమ్ చాలా మంచి మాటంది, కాగితం మీద పెట్టి బోర్డుకు పంపుతానంది. పంపింది కూడా. ఎవరు చదివారో ఏమో.

చలి వెళ్ళి ఎండలొచ్చాక బోర్డు తీర్పు వచ్చింది. సంఘం మేడమ్ దర్జీ ముందుగదిలో కూర్చుని చదివి వినిపించింది. ఇకమీదట ఇలాంటి కంపెనీలు అనుమతి తీసుకోవాలి. తొందర రుసుము ఎంతో ముందే చూపించాలి. సున్నా కూడా మిగతా బిళ్ళలంత పెద్దగా పెట్టాలి. ఇవన్నీ రేపటినుంచి. గడిచినదానికి మాత్రం, టిప్పు స్వచ్ఛందంగా ఇచ్చింది కనుక రుసుముగా లెక్కించరు. టిప్పు తీసేసి చూస్తే మిగిలింది తొందర రుసుమే, అది సేవకు కట్టింది కానీ వడ్డీ కాదు, కనుక ఇది అప్పు కాదు. వెనక్కివ్వాల్సిందేమీ లేదు.

"ఎందుకట?" అన్నాడు దర్జీ.

మేడమ్ కాగితం తిప్పింది. తర్వాత చదివింది. "హోటల్ రంగంలో సుదీర్ఘ అనుభవం గల ఉద్యోగిని స్వయంగా వివరించినట్లు, టిప్పు అనేది ఇచ్చేవారి సంతోషం."

దర్జీ జోకు వేయలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన జోకు వేయని సమయం అదే అయి ఉంటుంది. పిన్ని గోడకు ఆనుకుని కూర్చుని, "నా మాటే" అంది. "నా నోటి మాటే తీసుకెళ్ళి నా పిల్లల నోట్లో మట్టి కొట్టారు." ఏడవలేదు. ఒళ్ళంతా మంటగా ఉందని మాత్రం చెప్పింది.

కంపెనీ ఇంకో పని చేసింది. కొత్త నిబంధన ప్రకారం సున్నాను పెద్దది చేసి, నవ్వుమొహం పక్కన ఒక వాక్యం చేర్చింది: "టిప్పు మీ సంతోషం." తొందర రుసుమును వందకు మూడు నుంచి అయిదు చేసింది. రుసుము ఎంతో ముందే చూపించారు కనుక ఎవరూ తప్పు పట్టలేదు. హోటల్లో చేబదుళ్ళు మళ్ళీ మొదలు కాలేదు. అడిగితే గుమస్తా మొహం చిట్లించలేదు, యాప్ ఉంది కదండీ అని మర్యాదగా చెప్పాడు.

తీర్పు సంగతి అంతస్తులో అందరికీ తెలిసింది. ఎవరూ పిన్నిని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆవిడకు ప్రాణం తెరిపిన పడేది. రెండు రోజులయ్యాక ఇద్దరు పడుకునే పెద్దగదిలో పొడుగమ్మాయితో కలిసి మంచం సర్దుతుంటే, ఆవిడే ఉండబట్టలేక అడిగింది.

"ఏమే, నా మీద కోపమా?"

"కోపం ఎందుకు పిన్నీ?" పొడుగమ్మాయి దుప్పటి దులిపి ఒక కొస ఇటు విసిరింది. "ఒక్కటి అడుగుతా. ఆ అడుగున ఉన్నది సున్నా అని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మాకు తెలీదు. నువ్వు చూపించిన చోటే నొక్కాం. నన్ను రానిస్తే ఆ మాట నేను చెప్పేదాన్ని. అబద్ధం కూడా ఆడక్కర్లేదు."

పిన్ని చేతిలో దుప్పటి కొస అలాగే ఉండిపోయింది. "వాడు అలా అడిగేసరికి... మనం టిప్పుల కోసం చేయి చాపేవాళ్ళమని అనుకుంటారేమోనని, మన పరువు పోతుందని..."

"పరువు నీది పిన్నీ" అంది పొడుగమ్మాయి. "డబ్బు మాది."

గొంతులో కోపం లేదు. పాపను తీసుకురావడానికి ఆలస్యమవుతుందని తొందరలో ఉంది. దుప్పటి తన వైపు బిగించి, మూల మడత వేసి, దిండు గలేబు తీసుకోవడానికి ట్రాలీ దగ్గరికి వెళ్ళింది.